గ్రిల్ మీద సాస్ రాయడానికి ఏ బ్రష్ మంచిది?

ప్రశ్న: మేము ఈ మధ్యే బొగ్గుల గ్రిల్ కొనుక్కున్నాం. చికెన్ ముక్కలకు సాస్ రాయడానికి వంటింట్లో ఉన్న తెల్ల పోగుల బ్రష్ తీసుకున్నాను. రెండోసారి రాసేసరికి పోగుల చివర్లు ఉండలు కట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తర్వాత మా అబ్బాయి పళ్లెంలో ఒక ముక్క మీద తెల్ల పోగు కనిపించింది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. కొందరు సిలికాన్ బ్రష్ కొనమంటున్నారు, కొందరు అసలైన వెంట్రుకల బ్రష్‌కు సాటి లేదంటున్నారు. తుడుపుగుడ్డలా ఉండే నూలు కుచ్చు కూడా చూశాను. ఏది కొనాలి? ఒక్కటి సరిపోతుందా? పాడైన బ్రష్ చివర్లు కత్తిరించి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం. పోగు పళ్లెంలోనే కంటపడింది, తీసేశారు, ఆ పూటకు గండం గడిచింది. మళ్లీ అలా జరగకూడదంటే అసలు ఎందుకు జరిగిందో తెలియాలి కదా. అందుకు కావలసిన ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. చివర్లు ఉండలు కట్టాయన్నారు. ఆ బ్రష్ ఇంకా పారేయకపోతే ఒక ఉండను గోళ్ల మధ్య పెట్టి నొక్కి చూడండి. పూసలా గట్టిగా ఉండి నలగకపోతే అది నైలాన్. అసలైన వెంట్రుక అయితే సెగకు ముడుచుకుని నల్లబడుతుంది, జుట్టు కాలిన కమురు వాసన కొడుతుంది, నొక్కితే పొడిపొడిగా రాలిపోతుంది. సిలికాన్ అయితే కరిగి ఉండ కట్టడమన్నదే ఉండదు, మరీ ఎక్కువ సెగకు పెళుసుబారి విరుగుతుంది. మీరు చెప్పిన తీరు చూస్తే నైలానే అనిపిస్తోంది.

నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 265 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మెత్తబడి వంగిపోవడం అంతకన్నా ముందే మొదలవుతుంది. కణకణలాడే బొగ్గుల మీద ఉన్న ఇనప కమ్మీలు 250 డిగ్రీలు సులువుగా దాటిపోతాయి. కానీ తడిగా ఉన్న ముక్క పైభాగం మాత్రం 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే నీరు ఆవిరవుతున్నంతసేపూ వేడిని అదే లాగేసుకుంటుంది. అంటే మీ బ్రష్‌ను చెడగొట్టింది ముక్క కాదు, పక్కనున్న కమ్మీ. రెండు ముక్కల మధ్య సందులో బ్రష్ చివర ఒక్క క్షణం కమ్మీకి తగిలి ఉంటుంది. లేదా ముక్క అంచుకు రాస్తూ కిందికి దిగి ఉంటుంది. నైలాన్‌కు అంతమాత్రం చాలు. వంటింట్లో బ్రెడ్ మీద వెన్న రాయడానికి అది మంచి బ్రషే. గ్రిల్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి.

ఇక ఏది కొనాలన్నది. నన్ను ఒక్కటే చెప్పమంటే పొడవు పిడి ఉన్న సిలికాన్ బ్రష్ అంటాను. పిల్లలు తినే ఇంట్లో ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. దానిలో పోగులు ఒక్కొక్కటిగా గుచ్చి అతికించినవి కావు. తలతో కలిపి ఒకే అచ్చులో పోసినవి, కాబట్టి ఊడి రావడానికి విడిగా ఉన్న పోగంటూ ఏదీ ఉండదు. ఎప్పుడైనా చిరిగినా లావుపాటి రంగు ముక్క కావడంతో ఇట్టే కనిపిస్తుంది. వంటకు వాడే మంచి సిలికాన్ 220 డిగ్రీల దాకా నిశ్చింతగా తట్టుకుంటుంది, కొన్ని రకాలు ఇంకా ఎక్కువ కూడా ఓర్చుకుంటాయి. ఎంతవరకన్నది అట్ట మీద అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె లేని బ్రష్‌ను నేనైతే కొనను. అంకె ఎంత ఉన్నా సరే, కమ్మీలను తాకించడానికి అది అనుమతి కాదని గుర్తుంచుకోండి. కమ్మీలకు నూనె రాయాలంటే మడతపెట్టిన నూలు గుడ్డను కొద్దిగా నూనెలో తడిపి, పట్టకారుతో పట్టుకుని రాయండి. గుడ్డ నుంచి నూనె కారకూడదు. బొట్టు నిప్పుల మీద పడితే మంట భగ్గుమని పైకి లేస్తుంది.

సిలికాన్ బ్రష్‌లన్నీ ఒకటి కావు. కొట్లో చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు పోగుల చివర్లు చూడండి. కొన్నింటిలో పోగులు లావుగా, దూరం దూరంగా, దువ్వెన పళ్లలా ఉంటాయి. వాటితో రాస్తే సాస్ చారలు చారలుగా పడుతుంది, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. పోగులు సన్నగా, దగ్గరదగ్గరగా, చివరకు వచ్చేసరికి ఇంకా సన్నబడుతూ ఉన్నది వెతకండి. కొన్నింటిలో కుచ్చు మధ్యన చిల్లులున్న సిలికాన్ రేకులు రెండు మూడు వరుసలు ఉంటాయి. అలంకారమనుకునేరు, ద్రవం ఆ చిల్లుల్లో నిలిచి ముక్క మీదికి మెల్లగా దిగుతుంది. రెండు బ్రష్‌లు ఒకే రకంగా కనిపిస్తే రేకులున్నదే తీసుకోండి. తర్వాత ఒక పోగును చివర పట్టుకుని కాస్త గట్టిగా లాగి వదలండి. మళ్లీ మామూలుగా నిలబడాలి, మొదట్లో చీలిక కనిపించకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన రబ్బరు వాసన రాకూడదు.

కుచ్చు పిడిలోకి దిగే చోటు మరీ ముఖ్యం. చాలా బ్రష్‌లు చెడేది అక్కడే. ఆ అతుకులో సన్నని సందు ఉంటే నూనె, సాస్, మాంసం రసం అందులోకి దిగి కూర్చుంటాయి, ఎంత కడిగినా రావు. తల నుంచి పిడి దాకా సిలికాన్ ఒకే తొడుగులా ఉండి, లోపల ఉక్కు కడ్డీ ఉన్న రకం దొరికితే అంతకన్నా కావలసింది లేదు. అది దొరకకపోతే తల ఊడదీసి కడుక్కునే రకం తీసుకోండి. అయితే తల వదులుగా ఉండకూడదు. తలకిందులుగా పట్టుకుని విదిలించి చూడండి, కదిలితే పక్కన పెట్టేయండి. సాస్ గిన్నెలో తల ఊడిపోయి చేతిలో పిడి మిగలడం నేను చూశాను.

పిడి పొడవుకు కొలబద్ద మీ చేతిలోనే ఉంది. వంటింటి బ్రష్ జానెడు ఉంటుంది. గ్రిల్‌కు జానెడున్నర నుంచి మూరెడు దాకా, అంటే 30 నుంచి 45 సెంటీమీటర్ల పిడి కావాలి. చిన్న గ్రిల్ అయితే జానెడున్నర చాలు. మరీ పొడవైతే చివర అదుపు తప్పి, ముక్కను ఒత్తబోయి కమ్మీని ఒత్తుతారు. తల కొద్దిగా వంపు తిరిగి ఉంటే ఇంకా మేలు. చెయ్యి నిప్పుల మీదికి చాచకుండానే ముక్క అవతలి అంచు అందుతుంది, పళ్లెంలో పెట్టినప్పుడు కుచ్చు అడుగుకు తగలకుండా పైకి లేచి ఉంటుంది. ప్లాస్టిక్ పిడి గ్రిల్ అంచుకు ఆనిస్తే వంగిపోతుంది. ఉక్కు పిడి వంగదు కానీ అక్కడే వదిలేస్తే వేడెక్కి చెయ్యి కాలుస్తుంది. కర్ర పిడి చల్లగా ఉంటుంది, నీళ్లలో నానితే మాత్రం పగులుతుంది. ఏ పిడి అయినా బ్రష్ ఉండాల్సిన చోటు గ్రిల్ కాదు, పక్కనున్న పళ్లెం.

సిలికాన్‌కు ఒక లోపం ఉంది, ముందే తెలిస్తే నిరాశ ఉండదు. అది పలుచటి ద్రవాన్ని పట్టి ఉంచలేదు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక గిన్నెలో నూనె, ఇంకో గిన్నెలో చిక్కటి సాస్ పెట్టుకుని సిలికాన్ బ్రష్ ఒకదాని తర్వాత ఒకటి ముంచండి. సాస్ పోగుల మధ్య ముద్దగా పట్టుకుని ముక్క దాకా వస్తుంది. నూనె గిన్నె అంచు దాటకముందే బొట్లు బొట్లుగా జారిపోతుంది. సన్నని వెంట్రుకలు వందల కొద్దీ దగ్గరగా ఉన్నప్పుడు వాటి మధ్య సందుల్లో ద్రవం తనంతట తానే పైకి ఎక్కి నిలబడుతుంది. సిలికాన్ పోగులు లావు, సందులు పెద్దవి, పైగా ఒంటికి తడి అంటదు. అందుకే వెంట్రుకల బ్రష్‌కు సాటి లేదనేవాళ్లు ఉత్తినే అనడం లేదు. నూనె, కరిగిన వెన్న, నిమ్మరసం లాంటివి పలుచగా, సమానంగా పూయాలంటే వెంట్రుకల బ్రష్‌ను మించింది లేదు. చేప లాంటి సున్నితమైన వాటిని అది చెదరగొట్టదు కూడా.

అయినా మీకు అది నేను చెప్పలేదు, కారణం ఉంది. వెంట్రుకలు ఊడతాయి. ఎంత మంచి బ్రష్ అయినా మొదటి రోజుల్లో నాలుగైదు రాలుతాయి, ఆ తర్వాత మనం కడిగే తీరును బట్టి ఉంటుంది. నా మొదటి వెంట్రుకల బ్రష్‌ను నేను కడిగి, కుచ్చు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టేదాన్ని. నీరు కిందికి దిగి, కుచ్చును బిగించిన లోహపు పట్టీలో నిలిచిపోయేదని అప్పట్లో తెలియలేదు. లోపలి కర్ర ఉబ్బి, ఎండి, మళ్లీ ఉబ్బి పట్టు సడలింది. ఒకరోజు కాల్చిన చేప మీద వెన్న రాస్తుంటే ఐదారు వెంట్రుకలు ఒక్కసారిగా పూతలో ఇరుక్కున్నాయి. కుచ్చును ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన నూనె వాసన. పైకి మాత్రం శుభ్రంగానే కనిపించేది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ బ్రష్‌లలో ఎక్కువగా వాడేది పంది వెంట్రుకలు. అట్ట మీద నేచురల్ బ్రిసిల్ అనో, బోర్ బ్రిసిల్ అనో రాసి ఉంటుంది. పంది మాంసం ముట్టనివాళ్లు, శాకాహారులు ఇంట్లో ఉన్నా, అతిథులుగా వచ్చినా ఇది తెలిసి ఉండాల్సిన విషయం.

పలుచటి వాటిని సిలికాన్‌తోనే పూయాలంటే గిన్నెను ముక్క పక్కకే తెచ్చుకోండి. బ్రష్‌తో గీయకండి, అద్దండి. నూనెలో కాస్త పెరుగో, ఆవాల ముద్దో కలిపి చిక్కబరిస్తే ఇంకా సులువు. రెండు పూటల్లో అలవాటవుతుంది.

నూలు కుచ్చు మీకు ఇప్పుడు అవసరం లేదు. గంటల తరబడి సన్నసెగ మీద ఉడికే పెద్ద పెద్ద మాంసం దిమ్మల మీద, నీళ్లలాంటి పులుపు రసాన్ని ధారాళంగా తడపడానికి అది పుట్టింది. చిన్న ముక్కల మీద వాడితే రసం నిప్పుల్లోకి కారి బూడిద లేస్తుంది. కడగడం కూడా పెద్ద పని. ప్రతిసారీ మరిగించి, పూర్తిగా ఆరబెట్టకపోతే తడి లోపలే ఉండిపోతుంది.

ఒక్కటి సరిపోతుందా అని అడిగారు. రెండు కొనండి, రెండు వేర్వేరు రంగుల్లో. బ్రష్ నాణ్యత కన్నా కూడా ఈ మాట మీకు గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పచ్చి చికెన్ మీద తిరిగిన బ్రష్‌తో పచ్చి మాంసంలోని సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి సూక్ష్మజీవులు కూడా తిరుగుతాయి. అదే బ్రష్‌ను ఉడికిన ముక్క మీద మళ్లీ పూస్తే నిప్పులు చేసిన మేలంతా పోతుంది. ఒక రంగు పచ్చి ముక్కలకు, ఇంకో రంగు ఉడికినవాటికి. ముక్కలు ఒకసారి తిప్పి రెండు వైపులా రంగు మారాక మొదటి బ్రష్‌ను తీసి సింకులో వేసేయండి, మళ్లీ ముట్టుకోవద్దు. సాస్‌కు కూడా రెండు గిన్నెలు పెట్టుకోండి. సీసాలోకి బ్రష్ ముంచవద్దు, కావలసినంతే గిన్నెలోకి వంపుకోండి. చికెన్ నానిన మసాలా మిగిలితే దాన్నే పైన రాయాలనిపిస్తుంది. రాయొచ్చు, కానీ ముందు పొయ్యి మీద బాగా తెర్లేలా మరిగించాలి. ఇంట్లో వంట థర్మామీటర్ ఉంటే ముక్క మందంగా ఉన్న చోట ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. చికెన్‌కు 74 డిగ్రీలు రావాలి. బయటి రంగును నమ్మకండి, సాస్ పూసిన ముక్క లోపల ఉడక్కముందే ఎర్రగా ఊరిస్తుంది.

రంగు మాట వచ్చింది కాబట్టి, మీరు సాస్ ఎప్పుడు రాశారో చెప్పలేదు. రెండోసారి రాసేసరికే బ్రష్ పాడైందంటే మొదట్లోనే మొదలుపెట్టారేమోనని నా అనుమానం. తేనెలో, పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలవుతుంది. మామూలు చక్కెర 160 దగ్గర. తీపి ఉన్న సాస్‌ను మొదట్లోనే పూస్తే ముక్క ఉడికేలోపు పూత మాడి చేదెక్కుతుంది. ఉప్పు, కారం, నూనె ముందే పట్టించండి. తీపి సాస్ మాత్రం చివరి పది నిమిషాల్లో రాయండి. ఒకేసారి మందంగా కాకుండా రెండు మూడు పలుచటి పూతలు, ఒకటి ఆరి మెరుపు వచ్చాక ఇంకొకటి. ఊరికే రాస్తూ ఉంటే ముక్క రసభరితంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పైన రాసింది లోపలికి దిగదు, పైపొరకు రుచీ రంగూ ఇస్తుంది, అంతే. పైగా రాసిన ప్రతిసారీ తడి ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంది, మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి బయటికి పోతుంది. ఉడకడం ఆలస్యమవుతుంది, తోలు కరకరలాడదు. తక్కువసార్లు రాస్తే బ్రష్ నిప్పుల మీద ఉండే సమయం కూడా తగ్గుతుంది కదా.

కడగడం సిలికాన్‌కు తేలిక. సాస్ ఎండకముందే కాగితంతో తుడిచి, వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో పోగులను వేళ్లతో విడదీస్తూ మొదలు దాకా రుద్దండి. డిష్‌వాషర్ ఉంటే అందులోనూ వేయొచ్చు, అట్ట మీద ఒకసారి చూసుకోండి. కొన్నాళ్లకు కుచ్చు జిగురుగా తగులుతుంది, పాత మసాలా వాసన వస్తుంది. సిలికాన్‌కు నీరు అంటదు కానీ జిడ్డు కొద్దికొద్దిగా పడుతుంది. అప్పుడు నీళ్లలో ఒక చెంచా వంట సోడా వేసి, తల మాత్రం మునిగేలా పెట్టి ఐదు నిమిషాలు మరిగించండి. ఆరబెట్టేటప్పుడు కుచ్చు కిందికి ఉండేలా వేలాడదీయండి. పిడి చివర చిల్లు ఉన్నది కొనడం అందుకే మంచిది. పోగుల్లో ఒక్కటి చిరిగినా, గట్టిపడినా బ్రష్ మార్చేయండి.

మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. కమ్మీలు గీకడానికి గ్రిల్‌తో పాటు ఇనప తీగల బ్రష్ వచ్చి ఉంటే పక్కన పెట్టేయండి. ఆ తీగ ముక్క విరిగి కమ్మీకి అంటుకుంటే కంటికి ఆనదు, అక్కడినుంచి తిండిలోకి వస్తుంది. 2011 మార్చి నుంచి 2012 జూన్ దాకా అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఇలా తీగ ముక్కలు మింగి గాయపడిన ఆరుగురి సంగతి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో ప్రచురించింది. కొందరికి మెడ లోపలి మెత్తటి భాగంలో గుచ్చుకున్నాయి, కొందరికి పేగుకు చిల్లు పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కమ్మీలు వేడిగా ఉన్నప్పుడే చెక్క గరిటె లాంటి దానితో గీకి, పట్టకారుతో తడి గుడ్డ పట్టుకుని జాగ్రత్తగా తుడిస్తే చాలు. ఆవిరి పైకి కొడుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి. గ్రిల్ మీద వండింది తిన్నాక మింగుతుంటే గొంతులో గుచ్చినట్టున్నా, కడుపులో నొప్పి మొదలైనా డాక్టర్ దగ్గరికి వెళ్లి, గ్రిల్ శుభ్రం చేయడానికి ఏ బ్రష్ వాడారో కూడా చెప్పండి.

మీ చివరి ప్రశ్న, పాత బ్రష్ చివర్లు కత్తిరించి వాడొచ్చా అని. వద్దు. కత్తిరిస్తే ఉండలు పోతాయి కానీ, పళ్లెంలోకి వచ్చిన పోగు మొదట్లోంచి ఊడిందో, కరిగి తెగిందో మనకు తెలియదు. మొదట్లోంచి ఊడితే పట్టు సడలినట్టే, మిగతావీ వరుసలో ఉన్నట్టే. కత్తిరించిన మొరటు చివర్లు ముక్క మీది పూతను గీకేస్తాయి కూడా. దాన్ని ఇక తిండికి తగలనివ్వకండి. గ్రిల్ పూర్తిగా చల్లారాక బూడిద తొట్టి మూలలు ఊడ్చడానికి బాగా పనికొస్తుంది. పిడికి ఒక రంగు గుడ్డ పేలిక కట్టి గ్రిల్ దగ్గరే పెట్టండి, ఇంకెవరూ పొరపాటున వంటింట్లోకి తీసుకెళ్లకుండా.